కాళ్లూ చేతులూ లేని ఊరు

బఫెలో దాటాక, సరస్సు మీంచి వచ్చే మంచు
నిటారుగా కాక అడ్డంగా కురిసే ఊళ్లో
నేను పాత బొమ్మలు కొని అమ్ముతాను.
పంటిగాట్లుంటే ధర సగం.
రంగు పోతే పావు.
అట్టపెట్టె చెక్కుచెదరకుండా ఉండి
ఏ పిల్లా తాకలేదంటే, అడిగినంత.

ఈ లెక్క విని జెనొవేఫా పియెత్షక్ పడీపడీ నవ్వింది.
ఆవిడకి తొంభై ఒకటి. కుడిచేతి చూపుడువేలు
ఇప్పటికీ కుంచె పట్టుకున్నట్టే వంగి ఉంటుంది.
"ఎవరూ కొరకనిదాన్ని బొమ్మంటారుటయ్యా,
కొయ్యముక్కంటారు గానీ."

వాగొడ్డు కార్ఖానాలో ఆవిడ పని కళ్లు పెట్టడం.
అంతే. పదిహేడేళ్లు.
బొటనవేలంత మేపుల్ మేకుకి
రెండు నల్లచుక్కలు, కింద ఒక వంపు.
గంటకి మూడొందలు.
చేతుల్లేవు, కాళ్లు లేవు,
మెడ దిగితే ఏకంగా నేలే.
అయినా అందులోనే డాక్టరు, పాలవాడు, పోస్టుమేను,
తోలుచెవులు అతికిస్తే కుక్క.
కొట్టం తలుపు తీస్తే ఆవు అరిచేది,
తీసిన ప్రతిసారీ,
ఇంట్లో అందరూ పడుకున్నా సరే.
బస్సుకి ఆరు కన్నాలు.
ఏ కన్నంలో ఎవరైనా కూచోవచ్చు.
"అసలు బస్సుల్లో అప్పటికింకా అలా లేదు,"
అని కాఫీలో పంచదార కలుపుతూ ఊరుకుంది.

ఒక మార్చి శుక్రవారం
మొగుడికి ఉక్కుమిల్లులో పని పోయిందని
భోజనాల వేళ కబురొచ్చింది.
ఆ మధ్యాహ్నం ఒక్క బొమ్మకి వంపు తిరగబడింది.
చెయ్యి జారిందో, జారనిచ్చిందో,
ఇప్పటికీ చెప్పదు.
మేస్త్రీ కంట పడలేదు. పెట్టెలోకి వెళ్లిపోయాడు పిల్లాడు.
మూణ్ణెల్లకి నెబ్రాస్కా నుంచి ఉత్తరం:
మా అమ్మాయి వాణ్ణి తప్ప ఇంకెవర్నీ
పక్కలో పడుకోనివ్వడం లేదు,
వాడికి బడికి వెళ్లాలని లేదట, ఏం చెయ్యమంటారు?
కంపెనీ చేసిందల్లా
ముడుచుకున్న మొహాన్ని అచ్చుపోయించడం.

నా సంచిలో అలాంటివాడొకడు ఉంటే చూపించాను.
కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.
"ఇది యంత్రం ఏడుపు," అని తిరిగిచ్చేసింది.

తర్వాత ప్లాస్టిక్కు.
ఆవిణ్ణి పెట్టెలు మూసే బల్ల దగ్గరకి మార్చారు.
ఆ తర్వాత ఎక్కడో ఒక ఇంట్లో ఏదో జరిగిందన్న మాట
గుసగుసగా వరస చివరిదాకా వచ్చింది.
పసిగొంతు కొలతకి చేసిన గొట్టమొకటి తెచ్చి
బల్ల మీద నిలబెట్టాడు కొత్త ఇంజనీరు.
పోస్టుమేను అందులోంచి
చప్పుడు లేకుండా దిగిపోయాడు.
డాక్టరూ దిగిపోయాడు.
కుక్క మాత్రం చెవుల దగ్గర
ఒక్క క్షణం ఆగింది.

"గంటకి మూడొందలు,"
అంది మళ్లీ జెనొవేఫా, ఈసారి నవ్వకుండా.

ఇప్పటి బొమ్మలు బొద్దుగా ఉంటాయి.
చేతులొచ్చాయి, చేతుల్లో బుట్టలొచ్చాయి.
ఏ పాత కన్నంలోనూ ఒక్కడూ పట్టడు.
నేను తెచ్చిన ఖాళీ బస్సు నేల మీదే ఉంది.
మునిమనవరాలు డెల్ఫీనా పాక్కుంటూ వచ్చి
చక్రం నాకి చూసింది,
కన్నంలోకి తొంగి చూసింది,
తర్వాత వేలు పెట్టింది.
ఒక వేలు. రెండు. ఆ చెయ్యంతా.
ఎక్కినవాళ్లెవరికీ కళ్లు లేవు.
బస్సు కుర్చీ కిందికి పోయింది,
గోడకి తగిలింది, వెనక్కొచ్చింది.

జెనొవేఫా వంగిన వేలు బల్లమీద కదులుతోంది,
చుక్క, చుక్క,
ఆపై కాసేపు
ఏ వంపూ గియ్యకుండా ఆగిపోయింది.

ఆ బస్సు ధర నేను చెప్పలేదు.
ఆవిడ అడగలేదు.
బయట మంచు అడ్డంగానే కురుస్తోంది.